సింకు గొంతులో గుడగుడ

కింది వాటాలో గొట్టం మీద గరిటె మోగింది.

మేడమీద గిన్నెలు కడుగుతున్న కొత్తమ్మాయి గబుక్కున కుళాయి కట్టేసింది. సింకులో నిండా చెంబెడు నీళ్ళు కూడా లేవు. ఆ ఉన్నవైనా తిన్నగా దిగాయా అంటే లేదు. తూము దాకా వెళ్ళి ఆగాయి, కాస్త వెనక్కి పొంగాయి, పుక్కిలించినట్టు గుడగుడలాడాయి, చివరికి ఎవరో లోపల్నుంచి పీల్చుకున్నట్టు సర్రున మాయమయ్యాయి. ఆ వెంటనే కింద ఇల్లుగలావిడ సింకులోంచి అదే గుడగుడ, దీనికి రెండింతలు వినిపించింది. మళ్ళీ గరిటె. ఈసారి ఆగకుండా.

ఒక్క దెబ్బయితే "విన్నాను" అని. ఆగకుండా మోగితే "కిందికి రా" అని. ఇల్లుగలావిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని వంటింటి గోడ వెంట పైకి పోయే మురుగు గొట్టాన్నే టెలిఫోను చేసుకుంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధి మొత్తానికి నర్సమ్మ.

కొత్తమ్మాయి చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. నర్సమ్మ గరిటె పట్టుకుని సింకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునుంది, రోగి మంచం పక్కన కూర్చున్నట్టు.

"లోపలికి రా. ముందు ముక్కు మూసుకో."

ముక్కు మూసుకోవలసిన అవసరం నిజంగానే ఉంది. మురుక్కాలువ మూత తీసిన వాసన.

"ఏం పోశావమ్మా ఇప్పుడు?"

"ఒక్క గ్లాసు కడిగాను పిన్నిగారూ. అంతే. సబ్బు కూడా వేయలేదు."

"ఒక్క గ్లాసుకే నా సింకు ఇలా మూలిగితే, రేపు నువ్వు దుప్పట్లు నానబెడితే ఇది ప్రాణం విడుస్తుంది." నర్సమ్మ గరిటెను ఒళ్ళో పెట్టుకుంది. "చూడు, నీకు దాచడం నాకిష్టం లేదు. నిన్న ప్లంబరు ఏమన్నాడో విన్నావుగా. అడ్డం గోడలోపలే ఉందిట. సాయంత్రం నాలుగింటికి సుత్తి పట్టుకుని వస్తాడు. నీ వంటింటి గోడా, నా వంటింటి గోడా, రెండూ పగలగొడతాడు."

"మరి మేం..."

"ఆ దుమ్ములో ఎలా ఉంటారు? మీ తోడికోడలింటికే వెళ్ళండి. గోడ కట్టాక మళ్ళీ మీకే ఇస్తానని మాత్రం మాటివ్వలేను. మా అక్క కూతురు ఆ వాటా ఎప్పట్నుంచో అడుగుతోంది. ఈ సాయంత్రం చూడ్డానికొస్తానంది. నీకు కోపం వచ్చినా సరే, ఒక్క మాట. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నోరెత్తని సింకు, మీరొచ్చిన నెల తిరక్కుండా మాట్లాడ్డం మొదలెట్టింది."

కొత్తమ్మాయికి కోపం రాలేదు. కోపం రావడానికైనా కాళ్ళ కింద కాస్త నేల ఉండాలి. తోడికోడలిల్లు అన్న మాట చెవిన పడగానే ఆమె కింద నేల జారిపోయింది.

ఆ ఇల్లు చెడ్డది కాదు, మనుషులూ చెడ్డవాళ్ళు కాదు. కానీ ఉన్నది ఒక్క పడకగది. పెళ్ళయిన కొత్తలో ఈ జంటకు దొరికింది హాల్లో ఒక మూల. ఆ మూలకు అడ్డంగా స్ప్రింగు తీగ, తీగకు పూలపూల కర్టెన్. కర్టెన్ అవతల మామగారి గురక, ఇవతల వీళ్ళ గుసగుసలు. ఏదైనా మాట తట్టి నవ్వొస్తే దిండు నోట్లో కుక్కుకునేవారు. పొద్దున్నే తోడికోడలు "లేచారా?" అని అడిగి కర్టెన్ జరిపేది. పాపం అడిగేది, కానీ జవాబు వచ్చే దాకా ఆగేది కాదు. అత్తగారు మంచినీళ్ళకని లేస్తే కర్టెన్ కొస భుజానికి తగిలి తీగంతా ఊగేది. ఆ ఊపుకి కొత్తమ్మాయి గుండె ఊగేది.

అలాంటిది ఈ మేడమీది వాటా దొరికిన రోజున ఇద్దరూ పిచ్చివాళ్ళయిపోయారు. తలుపు వేసి చూశారు, తీసి చూశారు, మళ్ళీ వేశారు. గడియ పడిన చప్పుడు వినడానికే నాలుగైదుసార్లు వేసుంటారు. గట్టిగా నవ్వి ఎవరూ రాకపోవడం చూసి మళ్ళీ నవ్వారు. వచ్చేటప్పుడు తోడికోడలు ఆ కర్టెన్, తీగా మడిచి చేతిలో పెట్టి, "ఉంచుకో, పనికొస్తుంది," అంది. కొత్తమ్మాయి దాన్ని అటక మీద అట్టడుక్కి తోసేసి, ఈ జన్మకు మళ్ళీ దాని ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు నాలుగింటికి సుత్తి వస్తుంది.

పైకొచ్చి మొగుడికి ఫోను చేసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని అతనికి. మనిషి తాడిచెట్టంత పొడుగు. నర్సమ్మ మొదటి రోజే గుమ్మానికి నుదురు కొట్టుకున్న అతన్ని చూసి "జిరాఫీ" అంది, ఆ పేరు మేడకీ వీధికీ స్థిరపడిపోయింది.

"ఏమండీ, మళ్ళీ మొదలైంది."

"వేడినీళ్ళు పోశావా?"

"పోశాను."

"వంటసోడా, నిమ్మకాయ?"

"మొన్న పోశాం కదండీ. నురగొచ్చింది, మీరు చప్పట్లు కొట్టారు, అంతే."

"రబ్బరు గిన్నె కర్రతో..."

"పొడిచి పొడిచి చేతులు వాచాయి. కింద వంపు గొట్టం విప్పి కడిగాను. అద్దంలా ఉంది. అందులో ముఖం చూసుకోవచ్చు." ఆమె ముక్కు ఎగబీల్చింది. "సాయంత్రం గోడ పగలగొడతారట. మనల్ని వెళ్ళిపొమ్మంటోంది. వాళ్ళక్క కూతురికి ఇచ్చేస్తుందట."

అవతల ఎవరో కస్టమరు దూరంగా "ఇది నా ముఖానికి పెద్దదయింది" అంటున్నాడు.

"ఏడవకు పిచ్చీ. ఒకవేళ... ఒకవేళ అలాగే అయితే, అట్టపెట్టెలు ఇక్కడ చాలా ఉన్నాయి. పట్టుకొస్తాను."

ధైర్యం చెబుతాడని ఫోను చేస్తే అట్టపెట్టెలు తెస్తానన్నాడు. పాపం, అతనికి చేతనైంది అదే.

కొత్తమ్మాయి ఫోను పెట్టేసి సర్దడం మొదలుపెట్టింది. అటక మీంచి సామాను దించుతుంటే మొట్టమొదట చేతికి తగిలింది ఆ కర్టెన్. దాన్ని మంచం మీద పడేసి, దాని పక్కనే కూర్చుని, గదిలో ఒక్కో వస్తువునీ చూసుకుంది. ఇద్దరూ కలిసి రంగు వేసిన కిటికీ, సగం వేశాక రంగు అయిపోయిన కిటికీ. గోడకు జిరాఫీ కొట్టిన మేకు, దానికి ఏం తగిలించాలో ఇంకా తేల్చుకోలేదు. డాబా మీద బల్ల సంగతి ఆలోచించకూడదనుకుంది. ఆలోచిస్తే ఏడుపు ఆగదు. సాయంత్రమయితే రెండు గ్లాసులు పట్టుకుని వెళ్ళి కూర్చునే బల్ల అది, వాళ్ళిద్దరికీ సొంతమైన మొదటి సామాను. దాన్ని అట్టపెట్టెలో ఎలా పెడతారు?

కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. కొత్త నూనె డబ్బా ఒకటుంది, దాన్ని అలా మోసుకెళ్తే దారిలో ఒలుకుతుంది, సీసాల్లో పోసి మూతలు బిగిస్తే మేలు. మేకుతో డబ్బా పైన ఒక మూల చిల్లు పొడిచి సీసా మీదికి వంచింది.

గుడ... గుడ... గుడ.

నూనె ధారగా రాలేదు. కాస్త వచ్చి ఆగుతుంది, లోపల ఏదో గుటక వేస్తుంది, మళ్ళీ కాస్త వస్తుంది. వచ్చినప్పుడల్లా చింది చేతి మీద పడుతోంది. పుట్టింట్లో అమ్మ ఎప్పుడూ రెండో మూల కూడా పొడిచేదని గుర్తొచ్చి, డబ్బా నిలబెట్టి ఇంకో చిల్లు పొడిచింది. వంచింది.

చప్పుడు లేదు. సన్నటి ధార, దారం వదిలినట్టు.

సీసా నిండి పొర్లింది. బండ మీద నూనె పారుతోంది. కొత్తమ్మాయి చూడటం లేదు. ఆమె డబ్బా పట్టుకుని సింకు వైపు చూస్తోంది.

రెండో చిల్లు దేనికి? గాలి లోపలికి పోవడానికి. కిందికి దిగే దాని వెనక గాలి వెళ్ళకపోతే అది గుటకలు వేస్తూ ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి పీలుస్తుంది. నర్సమ్మ సింకులోంచి పీలుస్తుంది. వంపు గొట్టంలో వాసనకు అడ్డుగా నిలిచే కాసిని నీళ్ళనూ పీల్చేస్తుంది. ఆ నీళ్ళు పోతే ఇక కాలువకీ ఇంటికీ మధ్య తలుపే లేదు. డిగ్రీలో గాలి పీడనం మీద రెండు పేజీల జవాబు రాసి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుంది. ఆ బొమ్మలో సింకు లేదు మరి.

అయితే ఈ గొట్టానికి రెండో చిల్లు ఎక్కడ?

ఆమె సింకు పక్కన గోడ వెంట పోయే గొట్టం వైపు తల ఎత్తింది. మురుగు గొట్టం నర్సమ్మ వంటింటి నుంచి వస్తోంది, తన వంటింటిని దాటుతోంది, అక్కడ ఆగాలి. ఆగలేదు. పైకి పోతోంది. పైన ఎవరికీ వంటిల్లు లేదు, ఉన్నది డాబా ఒక్కటే. కళ్ళు ఆ గొట్టం వెంటే పాకుతూ పాకుతూ కప్పు దాకా వెళ్ళాయి. అప్పుడు ఆమె గుండెల్లో రాయి పడింది.

డాబాలో గాలి బాగా వచ్చే మూల ఒక్కటే. ఆ మూలనే నేలలోంచి మోకాలెత్తున ఒక గొట్టం పొడుచుకొచ్చి ఉంది, పైన నోరు తెరుచుకుని. మొదటి సాయంత్రం గ్లాసులు పట్టుకుని అక్కడ కూర్చుంటే అందులోంచి గుప్పున వాసన కొట్టింది. "ఈ పనికిరాని గొట్టం మూసేయకూడదా," అంది తనే. జిరాఫీకి పెళ్ళాం నోట్లోంచి మాట రావడమే ఆలస్యం. తన పాత కాలేజీ ఆటల బనీను ఉండచుట్టి గొట్టంలో కుక్కాడు. దాని మీద ఖాళీ రంగుల టబ్బు బోర్లించాడు. టబ్బు మీద గుండ్రటి చెక్క పెట్టాడు.

అదే బల్ల.

కొత్తమ్మాయి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. చెక్క పక్కకి నెట్టింది, టబ్బు ఎత్తింది. గొట్టం నోటి దగ్గర బనీను లేదు. ఫోను లైటు వేసి చూసింది. నీళ్ళు దిగినప్పుడల్లా గొట్టం పీల్చిన పీలుపుకి అది కొంచెం కొంచెంగా కిందికి పోయింది. బారెడు లోతున పసుపుపచ్చగా కనిపిస్తోంది, బిగుసుకుని.

చేయి పెట్టింది. భుజం దాకా పోయింది, వేళ్ళు అందలేదు. తుడుపు కర్ర తెచ్చి పెడితే బనీను కదిలింది, కానీ కిందికి. చటుక్కున కర్ర లాగేసింది. ఇంకో జానెడు జారితే సింకు నుంచి వచ్చే అడ్డ గొట్టం మలుపులో పడుతుంది. ఆ తర్వాత సుత్తే దిక్కు. అప్పుడు గోడలోంచి బయటికొచ్చేది ఇల్లుగలావిడ పాపం కాదు, తమ పాపమే.

లాగాలి, తొయ్యకూడదు. కొక్కెం కావాలి. ఇంట్లో కొక్కెం ఎక్కడుంది?

మంచం మీద ఉంది.

కర్టెన్ లోంచి స్ప్రింగు తీగ సర్రున లాగింది. రెండు కొసలా రెండు కొక్కేలు, హాల్లో గోడ మేకులకు తగిలించినవి. ఒక కొక్కెం బయటికి ఉండేలా తీగను తుడుపు కర్రకు చుట్టి చుట్టి బిగించింది. మళ్ళీ డాబా మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను నోట కరిచి, కర్ర దించింది. మొదటిసారి కొక్కెం పట్టుకుంది, లాగితే గుడ్డ పర్రున చిరిగి పోగు మాత్రం వచ్చింది. రెండోసారి పట్టనే లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు ఆపారు. ప్లంబరేమో. ఇంకా టైం కాలేదుగా. అయినా ప్లంబరేమో.

"రావే తల్లీ," అంది బనీనుతో, ఫోను పళ్ళ మధ్య ఉండగానే. "రా, నీ కాళ్ళు మొక్కుతాను."

మెడ పట్టీ దగ్గర కుట్టు గట్టిగా ఉంటుందని తోచింది. గొట్టం లోపలి అంచుకు ఆనించి కర్రను నెమ్మదిగా తిప్పింది. కొక్కెం ఎక్కడో ఆగింది. లాగలేదు. ఊపిరి బిగబట్టి, కర్రను కొంచెం పక్కకి ఒంచి, వెంట్రుకవాసి చొప్పున పైకి తీసింది. బనీను ముడుచుకుని, సాగి, మళ్ళీ ముడుచుకుని, ఒక్కసారిగా ఊడి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. నల్లగా, జిగటగా, చచ్చిన పిల్లిలా.

గొట్టం లోపల్నుంచి హూ అని శబ్దం వచ్చింది. ఎన్నాళ్ళో బిగపట్టిన ఊపిరి వదిలినట్టు. దాంతోపాటే వాసన. ఇంత మంచి వాసన జన్మలో పీల్చలేదనిపించింది కొత్తమ్మాయికి.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బనీనును తిప్పి చూస్తే, వీపు మీద బురదలోంచి పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తున్నాయి: జిరాఫీ.

మొగుడికి ఫోను చేసి జరిగింది చెప్పింది. అతను సంతోషంతో ఏదో అరవబోయి, అక్షరాల సంగతి వినగానే గొంతు తగ్గించాడు.

"దాన్ని అవతల పారేయ్. పక్షి గూడు అడ్డం పడిందని చెప్పు."

"పక్షి గూడు ఏదండీ అంటే?"

"ఎగిరిపోయిందను."

"గూడా?"

అతను కాస్త ఆలోచించాడు. "నువ్వే చూడు. నేను బయల్దేరుతున్నాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏమీ చూపించకుండా బాగయిందంటే నర్సమ్మ నమ్మదు. మొన్న కూడా ఒక పూట దానంతటదే ఊరుకుని మళ్ళీ మొదలైంది. నమ్మకపోతే గోడ పగులుతుంది. నమ్మాలంటే ఈ బనీను చూపించాలి. చూపిస్తే, ఇన్నాళ్ళూ ఆవిడ ఇంట్లోకి కాలువ వాసన పంపిన మహానుభావులెవరో ఆవిడకు తెలిసిపోతుంది. అలాంటి వాళ్ళను ఎవరుంచుకుంటారు?

కింద తలుపు చప్పుడయింది. ప్లంబరు గొంతు వినిపించింది.

కొత్తమ్మాయి బనీనును బకెట్లో వేసుకుని మెట్లు దిగింది.

ప్లంబరు అప్పటికే గోడ మీద సుద్దతో గీత గీశాడు. నర్సమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంటోంది. కొత్తమ్మాయి బకెట్టు వాళ్ళిద్దరి మధ్యా పెట్టింది.

"గోడ వద్దు పిన్నిగారూ. అడ్డం ఇదీ. డాబా మీద గొట్టంలో ఉంది. దాంట్లోంచే ఈ సింకులకు గాలి."

ప్లంబరు తొంగి చూశాడు. "అడ్డం ఉందని నేను నిన్ననే చెప్పాను కదమ్మా."

"గోడలో అన్నావు," అంది నర్సమ్మ. "ఆకాశంలో అనలేదు."

ఆవిడ గరిటె కొసతో బనీను ఎత్తింది. తిప్పింది. అక్షరాలు చదివింది. చాలాసేపు చదివింది, అవి మూడే అయినా.

"ఈ పేరు నేనే పెట్టాననుకున్నాను. కాలేజీలోనూ ఇదేనా?"

"అవును పిన్నిగారూ."

"అయితే అతగాడికి డాబా మీద వాసన కొట్టింది. మూత వేశాడు. ఆ వాసనంతా నా ఇంట్లో దించాడు."

"మూయమన్నది నేనే." మాట వచ్చేశాక ఇక ఆగలేదు. "అక్కడ కూర్చోవడానికి. బల్ల కోసం. అది ఇంటికి ఊపిరి గొట్టమని తెలీదు. మీరు వెళ్ళమంటే వెళ్తాం, సర్దేశాను కూడా. గోడ మాత్రం పగలగొట్టించకండి."

నర్సమ్మ ముఖంలో ఏమీ కనిపించలేదు. ఎన్నో వార్డుల్లో ఎందరికో ఏమీ కనిపించనివ్వకుండా గడిపిన ముఖం అది. బనీనును బకెట్లో జారవిడిచింది.

"పైకెళ్ళి నీళ్ళు పొయ్యి. నేను ఇక్కడ కూర్చుని వింటాను. నువ్వుండవయ్యా, సుత్తి కింద పెట్టు."

కొత్తమ్మాయి పైకెళ్ళి బకెట్టు నింపి సింకులో ఒంపింది. నీళ్ళు గుండ్రంగా తిరిగి, చిన్న సుడి కట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాయి. చెవి రిక్కించింది. గరిటె మోగలేదు. మళ్ళీ నింపింది. మళ్ళీ ఒంపింది. మోగలేదు. కింద ఏదో మాట్లాడుతున్నారు, ఆవిడ ఫోనులో ఉంది, ఎవరితోనో తెలియదు. అక్క కూతురేమో. మళ్ళీ నింపింది.

జిరాఫీ వచ్చేసరికి వంటింటి నేలంతా నూనె, నీళ్ళు. పెళ్ళాం చెమటతో, మురికితో, బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. అతను రెండు చేతుల నిండా అట్టపెట్టెలతో గుమ్మంలో వంగి, అలవాటు తప్పి తల కొట్టుకోలేదు.

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"అంటే?"

"తెలీదు. పొయ్యమంది, పోస్తున్నాను." ఆమె మళ్ళీ కుళాయి తిప్పింది. అతను పెట్టెలు దించి బకెట్టుకు రెండో చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఒంపారు. సుడి తిరిగింది. నిశ్శబ్దం.

అప్పుడు గరిటె మోగింది. ఒక్క దెబ్బ.

ఇద్దరూ బిగుసుకుపోయారు. సింకు గుడగుడలాడలేదే. మరి ఎందుకు మోగింది? కిటికీలోంచి నర్సమ్మ గొంతు గోడ పట్టుకుని పైకి పాకింది.

"విన్నానమ్మా, విన్నాను. ట్యాంకంతా ఖాళీ చేస్తావా ఏం? ఎల్లుండి దాకా నీళ్ళు రావు. ఇద్దరూ స్నానం మానుకుని కూర్చోండి." కాస్త ఆగింది. "ఆ జిరాఫీ వచ్చాడా?"

"వచ్చాను పిన్నిగారూ," అన్నాడతను, నేరం ఒప్పుకున్నట్టు.

"రేపు మా అక్క కూతురు కళ్ళజోడుకి మీ దుకాణానికొస్తుంది. వాటా ఖాళీ లేదన్నానని నా మీద అలిగింది. మంచి ఫ్రేము చూపించు."

కొత్తమ్మాయి నేల మీద, ఆ నూనెలోనే కూలబడింది. నవ్వింది, గట్టిగా, దిండు అవసరం లేకుండా. అతను పక్కన కూర్చుని, ఆమె చేతి మీద మురికి తన చొక్కాకి తుడుస్తూ, అట్టపెట్టెల వైపు చూశాడు.

"ఇవేం చేద్దాం?"

"పెద్దది బోర్లిస్తే బల్ల," అందామె. "గొట్టానికి దూరంగా. గాలికి ఎదురు దిక్కున."